తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను, డిటెక్టివ్ అవ్వాలని ఉంది. దారి ఏది?

పాకాల_పిల్ల
ఆదివారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. మా ఊరు పాకాల దగ్గర. ఇంట్లో బీఈడీ చెయ్యమంటున్నారు. నాకు మాత్రం నేరాలు దర్యాప్తు చేసే ఉద్యోగం కావాలి.

ఈ కోరిక ఎలా పుట్టిందో చెప్తాను. మూడేళ్ళ క్రితం మా అవ్వ తిరుచానూరు గుడికి వెళ్ళి వస్తుంటే బండి మీద ఇద్దరు వచ్చి మెడలో గొలుసు లాక్కుపోయారు. అవ్వ కింద పడింది, మోచెయ్యి విరిగింది. మొదట వెళ్ళిన స్టేషన్‌లో "అది మా లిమిట్స్ కాదు" అని పంపేశారు. రెండో స్టేషన్‌లో ఒక హెడ్ కానిస్టేబుల్ సార్ అవ్వను ఫ్యాన్ కింద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. అవ్వ ముఖాలు చూడలేదు. ఆయన ముఖాల సంగతి అడగనే లేదు. బండి ఏ వైపు నుంచి వచ్చింది, శబ్దం ఎలా ఉంది, గొలుసు ఏ వైపు తెగింది అని అడిగారు. మెడ మీద గీరుకుపోయిన గుర్తును చాలాసేపు చూశారు. చివరికి "వెనక కూర్చున్నోడు ఎడమ చేతివాటం మనిషమ్మా" అన్నారు. ఇరవై రోజులకు దొంగలు దొరికారు. గొలుసు సగమే తిరిగొచ్చింది.

ఆ గుర్తును అవ్వ చూసింది, నేనూ చూశాను, ఆసుపత్రిలో డాక్టరూ చూశాడు. మాకెవరికీ కనిపించనిది ఆయనకు కనిపించింది. నాకు ఆ పని కావాలి. డిటెక్టివ్ అవ్వడానికి ఏ పరీక్ష రాయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

రేణిగుంట_రన్నర్
ఆదివారం, రాత్రి 9:40

చెల్లీ, మన దగ్గర డిటెక్టివ్ అనే పోస్ట్‌కు నేరుగా రిక్రూట్‌మెంట్ లేదు. ముందు పోలీసు ఉద్యోగంలో చేరాలి, తర్వాత క్రైమ్ పనికి వెళ్ళాలి. సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) అయినా, సీఐడీ అయినా, టాస్క్‌ఫోర్స్ అయినా సివిల్ పోలీసుల్లోంచే, అంటే మామూలు స్టేషన్లలో పనిచేసేవాళ్ళలోంచే తీసుకుంటారు.

డిగ్రీ అయిపోతోంది కాబట్టి నీకు ఎస్సై పరీక్ష సరైనది. మంగళగిరిలోని రాష్ట్ర పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్ ఇస్తుంది. 2022 నవంబర్‌లో 411 ఎస్సై పోస్టులు వచ్చాయి, అందులో సివిల్ 315. వయసు 21 నుంచి 27. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అయిదేళ్ళ సడలింపు ఉంది. ముందు ప్రిలిమ్స్: అరిథ్‌మెటిక్, రీజనింగ్ ఒక పేపర్, జనరల్ స్టడీస్ ఇంకొకటి. తర్వాత ఎత్తు కొలుస్తారు, ఆడవాళ్ళకు 152.5 సెంటీమీటర్లు ఉండాలి. ఆ తర్వాత గ్రౌండ్. ఆడవాళ్ళు 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తాలి. దాంతోపాటు 18 సెకన్లలో 100 మీటర్లు గానీ, 2.75 మీటర్ల లాంగ్‌జంప్ గానీ చెయ్యాలి. చివర మెయిన్స్. ఇంగ్లీష్, తెలుగు పేపర్లలో పాసైతే చాలు. ర్యాంకు మిగతా రెండు పేపర్ల 400 మార్కుల మీదే వస్తుంది.

సివిల్ ఎస్సైకి పరుగులో మార్కులు కలవవు, అర్హత వరకే. అందుకని "పరుగు తర్వాత చూసుకుందాం" అనుకుంటారు చాలామంది. నేనూ అలాగే అనుకుని 1600లో ఆగిపోయాను. ఇప్పుడు రోజూ ఉదయం 5 గంటలకు యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఉంటాను. నువ్వు ఈ వారమే మొదలుపెట్టు. అలిపిరి మెట్లు ఎక్కితే ఊపిరి బలపడుతుంది గానీ దిగేటప్పుడు మోకాళ్ళు జాగ్రత్త.

మామిడితోట_బంగారుపాళ్యం
ఆదివారం, రాత్రి 10:02

ఎస్సై అయితే దర్యాప్తు చేస్తాననుకోవడం పొరపాటమ్మా. మా బావమరిది ఎస్సై. ఏడాదిలో సగం బందోబస్తే. బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు, గరుడ సేవ రాత్రి అయితే నిలబడ్డ చోటే. మే నెలలో గంగ జాతర. మధ్యలో మంత్రుల పర్యటనలు. దర్యాప్తుకు టైమ్ మిగిలితే అదృష్టం.

పాత_రైటర్
ఆదివారం, రాత్రి 11:20

అమ్మా, నేను చిత్తూరు జిల్లాలో కానిస్టేబుల్‌గా చేరి ఏఎస్సైగా రిటైర్ అయినవాణ్ణి. అందులో పన్నెండేళ్ళు స్టేషన్ రైటర్‌ని, అంటే స్టేషన్ కాగితాలు, రికార్డులు రాసే పని. నీ పోస్ట్ రెండుసార్లు చదివాను. మీ అవ్వ దగ్గర కూర్చున్న హెడ్ ఎవరో నాకు తెలియదు గానీ, ఆయన చేసిందే అసలు పని.

బందోబస్తు గురించి పైన రాసింది నిజమే. కానీ బందోబస్తు కూడా బడే. గరుడ సేవ రోజు మాడవీధిలో పది గంటలు నిలబడితే జేబుదొంగ నడక తెలుస్తుంది. భక్తుడి కళ్ళు వాహనం మీద ఉంటాయి. దొంగ కళ్ళు భక్తుల నడుముల మీద ఉంటాయి. ఈ ముక్క నాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు, మాడవీధిలో నిలబడే నేర్చుకున్నాను.

ఒక కేసు చెప్తాను, ఊరూ పేరూ లేకుండా. తిరుపతిలో ఒక సత్రం. శ్రావణ మాసం. ఆరు రోజుల్లో నాలుగు గదుల్లో నగలు, డబ్బు పోయాయి. తాళాలు పగల్లేదు, కిటికీలు విరగలేదు. భక్తులు దర్శనానికి వెళ్ళి వచ్చేసరికి తాళం వేసినట్టే ఉంది, లోపల పెట్టె ఖాళీ. క్లూస్ టీమ్ వచ్చి వేలిముద్రలు తీసింది. సత్రం గది కదా, తలుపు మీద వందమంది ముద్రలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అందరి అనుమానం రూమ్‌బాయ్ మీద పడింది.

నేను రైటర్‌ని కాబట్టి నాకు తెలిసింది కాగితమే. సత్రం రిజిస్టర్లు మూడు నెలలవి తెప్పించుకున్నాను. రాత్రి స్టేషన్‌లో కూర్చుని ఒక్కో పేజీ చదివాను. మూడో రాత్రి దొరికింది. ఆ నాలుగు గదుల్లోనూ దొంగతనానికి పది, పన్నెండు రోజుల ముందు ఒంటరిగా ఒక మనిషి దిగాడు. ఒక్కరోజే ఉండి వెళ్ళాడు. నాలుగు పేర్లు, నాలుగు ఊళ్ళు. కానీ నాలుగు చోట్లా 7 అంకె మధ్యలో అడ్డగీత పెట్టి ఉంది. మన వైపు 7కు అట్లా గీత పెట్టేవాళ్ళు తక్కువ. అతను ముందు గది తీసుకుని, తాళంచెవికి నకలు చేయించుకుని వెళ్ళిపోతాడు. తర్వాత తీరిగ్గా వచ్చి, అదే గదిలో వేరేవాళ్ళు దిగి ఉన్నప్పుడు తెరుస్తాడు. చుట్టుపక్కల సత్రాలకు చెప్పి పెట్టాం. శ్రీకాళహస్తిలో రిజిస్టర్ రాస్తుండగా దొరికాడు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది.

ఆ మూడు రాత్రుల్లో నేను చేసిందల్లా పేజీలు తిప్పడమే. ఆ ఓపిక నీకుంటే ఈ పనికి రా.

పాకాల_పిల్ల
ఆదివారం, రాత్రి 11:48

సార్, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. రూమ్‌బాయ్ ఏమయ్యాడు?

నల్లకోటు_చిత్తూరు
సోమవారం, ఉదయం 7:05

చిత్తూరు కోర్టుల్లో పద్దెనిమిదేళ్ళుగా క్రిమినల్ కేసులు వాదిస్తున్నాను, ఎక్కువగా ముద్దాయిల తరఫున. అందువల్ల దర్యాప్తు ఎక్కడ చెడిపోతుందో దగ్గర నుంచి చూశాను.

ముందు అవ్వ సంగతి. "లిమిట్స్ కాదు" అని పంపడం అప్పుడూ తప్పే. 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్‌లో స్పష్టంగా రాశారు, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాల్సిందే. జీరో ఎఫ్‌ఐఆర్ అనేది దీన్నే. ఇంకో మాట, పాత ఐపీసీలో గొలుసు లాక్కోవడానికి విడిగా సెక్షన్ లేదు. దొంగతనం కిందో దోపిడీ కిందో పెట్టేవాళ్ళు. ఇప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ 304లో స్నాచింగ్ అని వేరే నేరంగా పెట్టారు, మూడేళ్ళ దాకా శిక్ష. సాక్షిగా వాంగ్మూలం కావాలంటే ఆడవాళ్ళను, 60 దాటినవాళ్ళను స్టేషన్‌కు రమ్మని అడగకూడదు. పోలీసులే ఇంటికి వెళ్ళాలి. అది బీఎన్‌ఎస్‌ఎస్ 179వ సెక్షన్.

ఇక దర్యాప్తు. నేను కేసు గెలిచిన రోజున చాలాసార్లు నా ప్రతిభ కన్నా దర్యాప్తు అధికారి కాగితమే కారణం. పంచనామాలో ఉదయం 11 గంటలకు కత్తి స్వాధీనం చేసుకున్నామని ఉంటుంది. అదే 11 గంటలకు ఆ అధికారి ఇరవై కిలోమీటర్ల దూరంలో వేరే సాక్షి వాంగ్మూలం నమోదు చేసినట్టు సీడీ ఫైల్‌లో (కేస్ డైరీలో) ఉంటుంది. సీసీటీవీ ఫుటేజ్ పెన్‌డ్రైవ్‌లో తెస్తారు, ఎలక్ట్రానిక్ రికార్డుకు కావాల్సిన కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఉండదు. మధ్యవర్తులుగా, అంటే పంచనామా సాక్షులుగా, ప్రతి కేసులో అవే ఇద్దరు మనుషులు సంతకం చేస్తారు. నేను ఈ మూడూ అడుగుతాను. అడగడం నా ధర్మం. కానీ నిజంగా నేరం చేసినవాడు ఇలా బయటపడ్డ రోజు, కోర్టు వరండాలో బాధితుల ఇంటివాళ్ళ ముఖం చూడలేను.

నువ్వు ఈ ఉద్యోగంలోకి వస్తే నాలాంటివాడు అడిగే ప్రశ్నకు ముందే జవాబు రాసి పెట్టే అధికారివి కావాలని కోరుకుంటున్నాను.

లీలామహల్_కార్నర్
సోమవారం, ఉదయం 8:30

లాయర్ గారూ, మీరు చెప్పేవి పుస్తకంలో బాగుంటాయి. దొంగను కూర్చోబెట్టి మర్యాదగా అడిగితే చెప్తాడా? నాలుగు తగిలిస్తేనే నిజం బయటికొస్తుంది. మా షాపులో దొంగతనం జరిగినప్పుడు అలాగే సొత్తు రికవరీ అయింది.

నల్లకోటు_చిత్తూరు
సోమవారం, ఉదయం 8:52

అలా వచ్చిన మాట కోర్టులో చెల్లదు సార్. భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి దగ్గర ఒప్పుకున్న నేరాన్ని ముద్దాయి మీద రుజువు చెయ్యడానికి వీల్లేదు. పాత చట్టంలో 25, 26, 27 సెక్షన్లుగా ఉన్నదే ఇప్పుడు ఇక్కడ ఉంది. ముద్దాయి చెప్పిన దాన్నిబట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ వస్తువుకు సంబంధించినంత వరకే అతని మాట పనికొస్తుంది. మీ సొత్తు దొరికినందుకు సంతోషం. ఆ కేసులో శిక్ష పడిందా?

అరెస్టు ఎలా చెయ్యాలో డి.కె. బసు కేసులో 1996 డిసెంబర్‌లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని 2020లో చెప్పింది. అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి, అది రాజ్యాంగం 22వ అధికరణం.

లీలామహల్_కార్నర్
సోమవారం, ఉదయం 9:10

శిక్ష పడలేదు. సాక్షులు లేరని కొట్టేశారు.

పాత_రైటర్
సోమవారం, ఉదయం 10:35

పాకాల అమ్మాయి రూమ్‌బాయ్ ఏమయ్యాడని అడిగింది. రాత్రే రాయాలనుకున్నాను, చెయ్యి ఆడలేదు.

ఆ పిల్లోడిది మదనపల్లె వైపు. పంతొమ్మిదేళ్ళుంటాయి. నేను రిజిస్టర్లు చదువుతున్న ఆ మూడు రోజులూ వాడు స్టేషన్‌లోనే ఉన్నాడు. అరెస్టు చూపలేదు, ఏ పుస్తకంలోనూ రాయలేదు. రెండో రోజు వాడు "నేనే తీశాను" అన్నాడు. ఎక్కడ పెట్టావంటే ఒక చోటు చెప్పాడు. వెళ్ళి తవ్వితే ఏమీ లేదు. ఇంకో చోటు చెప్పాడు. అక్కడా లేదు. నొప్పి తట్టుకోలేక వాడికి తోచిన చోటల్లా చెప్తున్నాడు. నేను పక్క గదిలో ఉన్నాను. నాకు వినిపిస్తూనే ఉంది. నేను ఆపమని అనలేదు. మా పైవాళ్ళను ఆపగలిగే హోదా నాకు లేదని అప్పుడు సర్దిచెప్పుకున్నాను.

అసలు మనిషి దొరికాక వాణ్ణి పంపేశారు. సత్రంవాళ్ళు మళ్ళీ పనిలో పెట్టుకోలేదు. ఆ రిజిస్టర్ నేను మొదటి రోజే అడిగి ఉంటే వాడికి ఆ మూడు రోజులు తప్పేవి.

లీలామహల్ సార్, మీ మీద కోపం లేదు. చాలామంది పోలీసులు కూడా మీలాగే అనుకుంటారు. కొట్టి ఒప్పిస్తే ఆ క్షణంలో కేసు తేలిపోయినట్టు ఉంటుంది. ఇక ఎవరూ వెతకరు. అసలు దొంగ బయట తిరుగుతుంటాడు.

ల్యాబ్_అక్క
సోమవారం, మధ్యాహ్నం 1:15

కెమిస్ట్రీ అమ్మాయికి ఇంకో దారి చెప్తాను. నేను ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పనిచేస్తాను.

బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ చెయ్యొచ్చు. దగ్గర్లో అంటే హైదరాబాద్ ఉస్మానియాలో ఉంది. గుజరాత్ గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది, 2020లో పార్లమెంట్ చట్టంతో ఏర్పడింది. విషాలు, మత్తుమందులు, పేలుడు పదార్థాలు, పెట్రోల్ పోసి తగలబెట్టిన కేసుల పరీక్షలు, ఇవన్నీ కెమిస్ట్రీవాళ్ళ పనే. పాత కాలంలో పురుగుమందు తాగించి ఆత్మహత్య అని చెప్పేవాళ్ళు. మన జిల్లాల్లో ఇప్పటికీ అలాంటివి వస్తాయి.

బీఎన్‌ఎస్‌ఎస్ 176వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ళు, అంతకన్నా ఎక్కువ శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్ళి ఆధారాలు సేకరించాలి. దీన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు అయిదేళ్ళ గడువు ఇచ్చారు. అంటే మనుషులు కావాలి. అయినా ఒక నిజం చెప్పాలి, రాష్ట్ర ల్యాబ్‌లలో నోటిఫికేషన్లు తరచుగా రావు. దాని కోసమే కూర్చోవద్దు.

ల్యాబ్‌లో ఉంటే ముద్దాయి ముఖం కనిపించదు, బాధితుల ముఖమూ కనిపించదు. కవరు మీద క్రైమ్ నంబర్ మాత్రమే కనిపిస్తుంది. నాకు అదే నచ్చింది. నీ పోస్ట్ చదివితే నీకు మనుషులతో మాట్లాడే పని కావాలనిపిస్తోంది.

ఏ దారిలో వెళ్ళినా ఒకటి గుర్తుపెట్టుకో. రక్తం తడిసిన చొక్కాను ప్లాస్టిక్ కవర్లో కట్టి పంపకూడదు. మూడు రోజులకు బూజు పడుతుంది, డీఎన్ఏ పాడవుతుంది. నీడలో ఆరబెట్టి, కాగితంలో చుట్టి, సీలు వెయ్యాలి. ఇంత చిన్న పని తెలియక పోయిన కేసులు నా బెంచ్ మీదకు ఎన్నో వచ్చాయి. ఆ కవరు విప్పినప్పుడు వచ్చే వాసనతోనే తెలిసిపోతుంది, ఇంకేమీ చెయ్యలేమని. చాలా బాధేస్తుంది.

అన్నట్టు, ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు. ఆ వర్గీకరణ పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు వచ్చింది. దాని వెనక లెక్కలు కట్టినవాళ్ళు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ సబ్ ఇన్‌స్పెక్టర్లు. ఎస్సై అవ్వాలనుకుంటున్నావు కదా, ఈ ఇద్దరి పేర్లు తెలిసి ఉండాలి.

సీజీఎల్_రెండోసారి
సోమవారం, సాయంత్రం 6:20

సీబీఐ గురించి ఎవరూ చెప్పలేదు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు డిగ్రీ స్థాయి పరీక్ష) రాస్తే సీబీఐలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా నేరుగా చేరొచ్చు. ఎన్‌ఐఏలో (జాతీయ దర్యాప్తు సంస్థలో) కూడా ఎస్సై పోస్టులు ఇదే పరీక్షతో ఉంటాయి. ఏదైనా డిగ్రీ చాలు. వయసు 30 దాకా. పరీక్ష తిరుపతిలోనే రాయొచ్చు. ఇక్కడ బందోబస్తు గొడవ లేదు, చేరిన దగ్గర నుంచి దర్యాప్తే. లెక్కలు, ఇంగ్లీష్ గట్టిగా ఉండాలి, పోటీ దేశమంతా ఉంటుంది. పోస్టింగ్ ఏ రాష్ట్రంలోనైనా రావొచ్చు.

పాత_రైటర్
సోమవారం, సాయంత్రం 7:00

మంచి దారే. అయితే సీబీఐకి వచ్చేవి ఎక్కువగా లంచాలు, బ్యాంకు మోసాలు, పెద్ద ఫైళ్ళు. మీ అవ్వ గొలుసు కేసు అక్కడికి పోదమ్మా. అది స్టేషన్‌కే వస్తుంది.

అలిపిరి_డ్యూటీ
సోమవారం, రాత్రి 10:45

ఇప్పుడే డ్యూటీ దిగాను. నేను మహిళా కానిస్టేబుల్‌ని. ఇంటర్‌తో చేరాను. మాకు తొమ్మిది నెలలు ట్రైనింగ్.

చెల్లీ, ఆడపిల్లవని భయపెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను చూసింది చెప్తాను. మన రాష్ట్రంలో ఈ పోస్టుల్లో మూడో వంతు ఆడవాళ్ళకు ఉంది. అయినా స్టేషన్‌కు వెళ్తే ఇద్దరమో ముగ్గురమో ఉంటాం. ఆడవాళ్ళను సోదా చెయ్యాలంటే మేమే, చిన్నపిల్లల కేసు వస్తే మేమే, రాత్రి ఎవరైనా ఆడమనిషి తప్పిపోతే మేమే. కొంతమంది అధికారులు మమ్మల్ని రిసెప్షన్ దగ్గర కూర్చోబెట్టి వదిలేస్తారు. క్రైమ్ పనికి రావాలంటే అడిగి మరీ వెళ్ళాలి. నేను అడిగాను. మొదటిసారి నవ్వారు. నాలుగోసారి పంపారు.

పోయిన ఏడాది కొండ కింద ఒక పాప తప్పిపోయింది, నాలుగేళ్ళది. ఏడుస్తోంది, పేరు చెప్పడం లేదు, ఏ భాషో తెలియడం లేదు. మగవాళ్ళు అడిగితే ఇంకా ఏడుస్తోంది. నేను కింద కూర్చుని నా చేతి గాజులు తీసి ఇచ్చాను. కాసేపటికి ఆ గాజులు ఒక్కొక్కటి లెక్కపెట్టింది, కన్నడంలో. ఒందు, ఎరడు, మూరు. కన్నడంలో మైక్ అనౌన్స్‌మెంట్ చేయించాం. అరగంటలో వాళ్ళమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. దాన్ని దర్యాప్తు అంటారో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం అదే గుర్తుంది.

తమిళం, కన్నడం నేర్చుకో. మన జిల్లాలకు రెండు రాష్ట్రాల సరిహద్దు ఉంది. చిత్తూరులో దొంగతనం చేసినవాడు గంటలో వెల్లూరులో ఉంటాడు, పలమనేరు దాటితే కోలారు. తమిళం రాకుండా ఇక్కడ క్రైమ్ టీమ్‌లో సగం పనే చెయ్యగలవు.

శేషాచలం_నీడ
మంగళవారం, ఉదయం 6:50

భాష మాట నిజం. ఎర్రచందనం కేసుల్లో నేను ఫారెస్టువాళ్ళతో కొన్నాళ్ళు పనిచేశాను. అడవిలో దొరికేది తమిళనాడు కొండల నుంచి వచ్చిన కూలీలు. ఏ చెట్టు నరికారో చెప్తారు, ఎవరు పంపారో వాళ్ళకే తెలియదు. దుంగలు పట్టుకున్నామని ఫోటో వస్తుంది, అక్కడితో అయిపోతుంది. అసలు దర్యాప్తు ఆ తర్వాత మొదలవ్వాలి. లారీ ఎవరి పేరున ఉంది, డీజిల్ ఎక్కడ కొట్టించారు, ఆ రాత్రి డ్రైవర్‌కు ఎవరెవరు ఫోన్ చేశారు, అడ్వాన్స్ ఏ ఖాతాలోంచి వచ్చింది. ఈ చెట్టు సహజంగా పెరిగేదే మన శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో. ఇక్కడ పోతే ఇంకెక్కడా లేదు. అడవిలో పరిగెత్తేవాళ్ళు మాకు ఉన్నారు, బ్యాంకు స్టేట్‌మెంట్ చదివేవాళ్ళు తక్కువ. నీలాంటి చదువుకున్న పిల్లలు రావాలి.

పాకాల_పిల్ల
మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఇన్ని విషయాలు ఎవరూ చెప్పలేదు నాకు. ఒక డౌట్. మా క్లాస్‌మేట్ ఒకతను ప్రైవేట్ డిటెక్టివ్ ఏజెన్సీలో చేరితే వెంటనే పని నేర్చుకోవచ్చు అంటున్నాడు. పెళ్ళి సంబంధాల వెరిఫికేషన్ పని ఎక్కువ ఉంటుందట. చేరమంటారా?

నల్లకోటు_చిత్తూరు
మంగళవారం, మధ్యాహ్నం 2:45

ప్రైవేట్ డిటెక్టివ్‌లను నియంత్రించడానికి 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అంటే లైసెన్స్ లేదు, అధికారమూ లేదు. బయట కనిపించేది చూడొచ్చు, ఇష్టపడి చెప్పేవాళ్ళను అడగొచ్చు, అంతే. చాలామంది ఫోన్ కాల్ రికార్డుల కోసం అడ్డదారి తొక్కి జైలుకు వెళ్ళారు. నీ మీద ఒక్క క్రిమినల్ కేసు పడితే ఎస్సై ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్‌లో ఇబ్బంది అవుతుంది. నా సలహా అడిగితే వద్దు.

ఎస్సై_ఇంటామె
మంగళవారం, రాత్రి 9:30

నేను మామూలుగా రాయను. మా ఆయన ఎస్సై. ఆయన దర్యాప్తు బాగా చేస్తారని అందరూ అంటారు. నాకు గర్వమే. కానీ ఈ అమ్మాయికి ఇంటి వైపు సంగతి కూడా తెలియాలి.

పోయిన సంవత్సరం ఒక హత్య కేసు. అందులో పెద్ద దర్యాప్తు సీఐ గారిదే, మా ఆయన సాయం. ముద్దాయి రిమాండ్‌లో ఉంటే చార్జిషీట్ 90 రోజుల్లో వెయ్యాలి, లేకపోతే బెయిల్ వచ్చేస్తుంది. ఆ 90 రోజులు మా ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో లెక్క. మా బాబుకు డెంగ్యూ వచ్చి రుయాలో ఉంటే ఆయన అదే ఆసుపత్రికి రోజూ వచ్చారు, పోస్ట్‌మార్టం రిపోర్ట్ కోసం. వార్డులో అయిదు నిమిషాలు కూర్చుని వెళ్ళేవారు. కోపం వచ్చింది నాకు. చార్జిషీట్ వేసిన రోజు ఇంటికొచ్చి బాబు పక్కన పడుకుని పద్నాలుగు గంటలు నిద్రపోయారు.

వద్దు అని చెప్పడం లేదు తల్లీ. నీ ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పు, పెళ్ళి చేసుకునే మనిషికి కూడా ముందే చెప్పు.

పాత_రైటర్
బుధవారం, ఉదయం 6:15

ఆ అమ్మ రాసింది మా ఇంటామె చదివింది. ఏమీ అనలేదు, కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది.

పాకాల అమ్మాయీ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. అప్పటిదాకా నీకొక పని చెప్తాను. తిరుపతి బస్టాండ్‌లో ఒక చోట పది నిమిషాలు కూర్చో. ఒక మనిషిని ఎంచుకుని చూడు. ఫోన్ తియ్యొద్దు, ఏమీ రాసుకోవద్దు. ఇంటికి వచ్చాక ఆ మనిషి గురించి ఒక పేజీ తెలుగులో రాసి ఇక్కడ పెట్టు. పేరు తెలిసినా రాయొద్దు.

పాకాల_పిల్ల
బుధవారం, రాత్రి 8:05

రాశాను సార్.

"సాయంత్రం సుమారు 5 గంటలకు బస్టాండ్‌లో ఒక పొడవైన మనిషి నిలబడి ఉన్నాడు. వయసు నలభై ఉండొచ్చు. తెల్ల చొక్కా, నీలం ప్యాంటు. గుండు చేయించుకున్నాడు. చేతిలో పెద్ద సంచి ఉంది. ఎవరి కోసమో ఎదురు చూస్తున్నాడు. టెన్షన్‌గా ఉన్నాడు. తర్వాత చిత్తూరు బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు."

ఇంతే రాయగలిగాను. పది నిమిషాలు చూసినా ఇంకేమీ గుర్తు రావడం లేదు.

పాత_రైటర్
బుధవారం, రాత్రి 9:20

మొదటిసారికి బాగుంది. చివరి మాట నిజాయితీగా రాశావు, అది ఇంకా బాగుంది. ఇప్పుడు లాయర్ గారు అడిగినట్టు అడుగుతాను.

"సుమారు 5" ఎలా తెలిసింది? బస్టాండ్‌లో గడియారం చూశావా, ఏదైనా బస్సు అనౌన్స్‌మెంట్ విన్నావా? పొడవు అన్నావు, దేనితో పోల్చి? పక్కన స్తంభం మీద నంబర్ రాసి ఉంటుంది, అతని తల ఆ నంబర్‌కు పైనా కిందా? గుండు ఆ రోజు చేయించుకున్నదా, వారం నాటిదా? గంధం పూసి ఉందా? సంచి ఏ చేతిలో ఉంది, చెయ్యి మార్చాడా? బరువైన సంచి అయితే మారుస్తాడు. ఎదురు చూస్తున్నాడని, టెన్షన్‌గా ఉన్నాడని రాశావు. అవి నువ్వు అనుకున్నవి. ఏం చేస్తుంటే నీకు అలా అనిపించింది? గేటు వైపు ఎన్నిసార్లు తిరిగి చూశాడు? చిత్తూరు బస్సు అన్నావు, బోర్డు చదివావా, ఎవరైనా అరిస్తే విన్నావా?

పాకాల_పిల్ల
బుధవారం, రాత్రి 9:41

గంధం ఉంది సార్, చెవి వెనక ఆరిపోయి ఉంది. ఇప్పుడు మీరు అడిగాక గుర్తొచ్చింది. సంచి మాత్రం ఏ చేతిలో ఉందో ఎంత ఆలోచించినా రావడం లేదు. బోర్డు చదవలేదు, కండక్టర్ అరుస్తుంటే విన్నాను.

రేపు ఉదయం రన్నింగ్ అయ్యాక మళ్ళీ వెళ్తాను. అన్నా, 1600 మీటర్లు ఇవాళ 12 నిమిషాల 50 సెకన్లు పట్టింది.

రేణిగుంట_రన్నర్
బుధవారం, రాత్రి 9:50

మొదటి మూడు రోజులకు ఫర్వాలేదు చెల్లీ. రేపు వాచీ పెట్టుకుని రా, ల్యాప్ ల్యాప్‌కు టైమ్ రాద్దాం.